గుణింతం గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పే పిల్లవాడు కొత్త వాక్యం ఎందుకు చదవలేకపోతున్నాడు?

గోదారిగట్టు | జూలై 6, రాత్రి 9.40

సభ్యులందరికీ నమస్కారం. మా బాబుకు ఎనిమిదేళ్లు నిండాయి. రాజమహేంద్రవరంలో ఒక ఇంగ్లీషు మీడియం బడిలో మూడో తరగతి చదువుతున్నాడు. తెలుగుకు రోజుకు ఒక పీరియడు ఉంటుంది. క గుణింతం చెప్పమంటే గుక్కతిప్పుకోకుండా చెబుతాడు. అయిపోయిన పాఠం తీసి చదవమంటే వేలు పెట్టి మరీ చదువుతాడు. అందువల్ల వాడికి చదవడం వచ్చిందనే రెండేళ్లుగా మేమంతా నమ్ముతూ వచ్చాం. పోయిన ఆదివారం ఎవరిదో శుభలేఖ వస్తే సరదాగా చదవమని ఇచ్చాను. రెండు మాటలు కూడబలుక్కుని పక్కన పెట్టేశాడు. అనుమానం వచ్చి, వాడి పాఠంలోని మాటలనే వరస మార్చి ఒక కాగితం మీద రాసి ఇచ్చాను. "కొ" దగ్గర ఆగిపోయి, పెదవులు కదుపుతూ "క, కా, కి, కీ" నుంచి మొదలుపెట్టి "కొ" దాకా వచ్చాక గానీ ముందుకు కదల్లేదు. "బస్తీ" అన్న మాటను "బసీత" అన్నాడు. ఆ తరవాత మళ్లీ పుస్తకం ఇచ్చి పరీక్షగా చూస్తే, వేలు ఒక మాట మీద ఉంటే నోరు మూడు మాటల అవతల ఉంది.

బడిలో అడిగితే నెమ్మదిగా వస్తుందన్నారు. ట్యూషన్‌లో రోజుకు రెండు పేజీల చూచిరాత ఇస్తున్నారు. దస్తూరి ముత్యాల్లాగే ఉంది కానీ, తాను రాసిన మాటనే చదవమంటే చదవలేకపోతున్నాడు. మా అత్తగారేమో మగపిల్లలకు ఆలస్యంగానే వస్తుందని, మీ ఆయనకూ అంతేనని అంటున్నారు. మేమిద్దరమూ ఉద్యోగాలకు వెళ్లే వాళ్లం కాబట్టి రోజుకు ఇరవై నిమిషాలకు మించి కూర్చోలేను. ఆ ఇరవై నిమిషాలు ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలరా?

నల్లబల్ల | జూలై 6, రాత్రి 10.55

అమ్మా, నేను నల్లగొండ జిల్లాలో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుణ్ణి. మీరు శుభలేఖతో చేసిన పని చాలా బడుల్లో పరీక్షలు కూడా చేయవు. కంఠస్థం అయిన పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివించి "వచ్చింది" అని రాసుకోవడం మా వృత్తిలో అందరమూ ఎప్పుడో ఒకప్పుడు చేసిన పొరపాటే, నేనూ చేశాను.

ముందుగా మీ బాబు ఒక్కడే ఇలా ఉన్నాడన్న బెంగ పెట్టుకోకండి. ప్రథమ్ సంస్థ 2005 నుంచి గ్రామాల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లలను ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి చదివించి చూసే అసర్ సర్వే ఒకటి ఉంది. దేశం మొత్తం మీద గ్రామీణ ప్రాంతాల్లోని మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి కథను చదవగలిగినవారు 2018లో 27.3 శాతం. కరోనా సెలవుల తరవాత 2022లో అది 20.5కు పడిపోయి, 2024 నాటికి 27.1కు వచ్చింది. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురు దాదాపుగా మీ బాబు పక్కనే నిలబడి ఉన్నారు. ఇది ఊరట చెప్పే లెక్క కాదని నాకు తెలుసు. అయినా తప్పు పిల్లవాడి బుర్రలో లేదని చెప్పడానికి పనికొస్తుంది.

ఆ సర్వేలో వాడే పద్ధతి ఇంట్లోనూ చేయవచ్చు. నాలుగు మెట్లుంటాయి: విడి అక్షరాలు, చిన్న మాటలు, ఒకటో తరగతి స్థాయిలో నాలుగు వాక్యాల పేరా, రెండో తరగతి స్థాయి కథ. పిల్లవాడు ఏ మెట్టు మీద సౌకర్యంగా నిలబడగలడో అదే వాడి స్థాయి, తరగతి సంఖ్య కాదు. మీరు మాటల మెట్టును రెండుగా విడగొట్టండి: ఒత్తులు లేని మాటలు పది, ఒత్తులున్న మాటలు పది. చీటీల మీద రాసి కలిపేసి ఒక్కొక్కటీ చూపించండి. తప్పు చెప్పినా దిద్దకుండా, ఏమన్నాడో అలాగే పక్కన రాసుకోండి. ఆ తప్పులే మనకు దారి చూపుతాయి.

పాతపలక | జూలై 7, ఉదయం 5.50

చిరంజీవి సౌభాగ్యవతికి ఆశీస్సులు. నేను ముప్పై నాలుగేళ్లు పనిచేసి ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసినవాణ్ణి. గుణింతాలు వల్లె వేయించడమే రోగమన్నట్లుగా ఈ రోజుల్లో మాట్లాడుతున్నారు, దాన్ని నేను ఒప్పుకోను. ఇసుకలో వేలుపెట్టి దిద్దించి, ఓనమాలు మొదలుకొని బండి ర దాకా, ఆపైన తలకట్టు, దీర్ఘం, గుడి, గుడిదీర్ఘం, కొమ్ము, కొమ్ముదీర్ఘం అంటూ గుర్తు పేరుతో సహా చెప్పించిన పిల్లలు నా చేతుల మీదుగా కొన్ని వందలమంది వెళ్లారు. "క కు గుడిస్తే కి" అని చెప్పే పిల్లవాడికి గుర్తుకూ ధ్వనికీ ఉన్న సంబంధం ఆ ఒక్క వాక్యంలోనే అందుతుంది. ఇప్పుడు ఆ పేర్లు చెప్పడం మానేసి ఉత్త పాట మాత్రం మిగిల్చారు. లోపం అక్కడ ఉందని నా అభిప్రాయం. బొమ్మ చూపించి మాట చెప్పించే కొత్త పద్ధతిలో పిల్లవాడు బొమ్మను చదువుతాడు గానీ అక్షరాన్ని చదవడు.

నల్లబల్ల | జూలై 7, సాయంత్రం 6.20

మాస్టారూ, నమస్కారం. గుర్తుల పేర్లు చెప్పించాలన్న మీ మాటను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటున్నాను. నా తరగతిలో ఈ రోజుకీ చెప్పిస్తాను. వల్లె వేయడం దగ్గరే ఆగిపోతే ఏమవుతుందన్నది మాత్రమే నా అభ్యంతరం. ఈ పిల్లవాడికి గుణింతం ఒక మెట్ల దారిలాగా తయారైంది. ఎనిమిదో మెట్టు మీదికి వెళ్లాలంటే ప్రతిసారీ కింది నుంచి ఎక్కిరావాలి. చదివేటప్పుడు అంత వ్యవధి ఉండదు. మాట చివరికి వచ్చేసరికి మొదట ఏమున్నదో మరిచిపోతాడు, వాక్యం చివరికి వచ్చేసరికి అర్థం జారిపోతుంది.

నేను చేసేది ఇది. గుణింతాల పట్టికను గోడకు పెట్టి మొదట అడ్డంగా చదివిస్తాను: క, కా, కి, కీ. పాట వచ్చిన పిల్లవాడికి ఇది సులువు. రెండో రోజు నుంచి నిలువుగా: కి, గి, చి, జి, టి, డి. ఇక్కడ పాట సాయం రాదు. గుడి ఎక్కడ కనిపించినా "ఇ" ధ్వనే పలుకుతుందన్న సంగతి కంటికి ఆనుతుంది. వారం పోయాక పుల్లతో ఎక్కడ పడితే అక్కడ చూపిస్తూ చదివిస్తాను: మో, తు, రే, పౌ. ఇక్కడ తడబడని పిల్లవాడికి గుణింతం నిజంగా వచ్చినట్లు. అమ్మా, మీ బాబుకు నిలువు చదువు తక్షణం అవసరమనిపిస్తోంది. దానికి రోజుకు ఐదు నిమిషాలు చాలు.

లిపిరేఖ | జూలై 8, మధ్యాహ్నం 1.15

నేను అక్షర రూపాలు గీసే వృత్తిలో ఉన్నాను, బోధనలో అనుభవం లేదు. అయితే "బసీత" అన్న మాట చూసి రాయకుండా ఉండలేకపోయాను. ఆ పిల్లవాడు తప్పు చదవలేదు, కంటికి కనిపించిన వరసలోనే చదివాడు. "బస్తీ"లో గుడిదీర్ఘం ఏ అక్షరం నెత్తిన ఉందో చూడండి: స మీద ఉంది. దాని కింద త ఒత్తు ఉంది. పలికేటప్పుడు మాత్రం ముందు స్, తరవాత త్, ఆ తరవాత ఈ. అంటే రాతలో అచ్చు గుర్తు మొదటి హల్లుకు తగిలి ఉంటుంది, ధ్వనిలో అది రెండో హల్లు తరవాత వస్తుంది. "మిత్రుడు"లో కొమ్ము త కు ఉంటుంది, ర క్రావడిగా చేరుతుంది. ఇదే లెక్కన చదివే పిల్లవాడు దాన్ని "మితురడు" అంటాడు. అన్నం, అమ్మ, చెట్టు వంటి జంట అక్షరాల్లో ఈ చిక్కు బయటపడదు, ఎందుకంటే రెండు హల్లులూ ఒకటే. అందువల్ల అమ్మ, అన్న చదవగానే ఒత్తులు వచ్చేశాయని పెద్దవాళ్లు పొరబడతారు.

ఇంకో విషయం. గ, ద, డ, ప వంటి అక్షరాల ఒత్తును తలకట్టు తీసేసి కింద చిన్నగా రాస్తే సరిపోతుంది. త, న, మ, య, ర, ల వంటి కొన్నింటి ఒత్తులకు అసలు అక్షరంతో పోలికే కనిపించదు, వాటిని కొత్త అక్షరాల్లాగే నేర్పాలి. గుణింతాల్లోనూ ఇటువంటి మలుపులున్నాయి. "కొ"లో ఒత్వం ఒకలా ఉంటుంది, "మొ", "యొ"లలో ఇంకోలా ఉంటుంది. ప, వ లకు కొమ్మును మిగతా అక్షరాలకు ఇచ్చినట్లే పక్కన ఇస్తే "వు" కాస్తా "మ"లా కనిపించే ప్రమాదం ఉంది కాబట్టి కింది నుంచి ఇస్తాం. మనకు అలవాటైపోయి ఇవేవీ కనిపించవు. 34 హల్లులకు పన్నెండేసి రూపాలు వేసుకున్నా 400 దాటుతాయి, ఒత్తులు ఆ పైన. 26 అక్షరాలు నేర్పే గడువులో ఇవన్నీ వచ్చేయాలనుకోవడం అన్యాయం. మనకు అక్కచెల్లెలి వంటి కన్నడ లిపి మీద సొనాలి నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధనలో కూడా అక్షరాల మీద పూర్తి పట్టు రావడానికి పిల్లలకు మూడో తరగతి దాటిన తరవాత కూడా సమయం పడుతున్నదని తేలింది.

గోదారిగట్టు | జూలై 9, రాత్రి 10.05

మీరందరూ ఇంత శ్రద్ధగా రాస్తారని ఊహించలేదు. నల్లబల్ల గారు చెప్పినట్లు చీటీలతో పరీక్షించాను. విడి అక్షరాల్లో థ, ధ, ఢ తప్ప అన్నీ చెప్పాడు. ఒత్తులు లేని మాటలు పదింటికి ఏడు. ఒత్తులున్నవి పదింటికి రెండే, ఆ రెండూ లిపిరేఖ గారు చెప్పినట్లు "అమ్మ", "చెట్టు"! పేరా చదివాడు కానీ, అందులో పిల్లి ఎక్కడ దాక్కుందని అడిగితే తెలియదన్నాడు. అదే పేరాను నేను చదివి వినిపిస్తే, పిల్లి దాక్కోవడమే కాక అది ఎందుకు దాక్కుందో కూడా చెప్పాడు.

ఇంకో మాట అడగాలి. ఇంగ్లీషు మీడియం కాబట్టి తెలుగు మీద ఇంత సమయం పెట్టడం దండగని మావారి అభిప్రాయం. అది నిజమేనా?

నల్లబల్ల | జూలై 9, రాత్రి 11.10

వినిపిస్తే అర్థమవుతున్నదంటే భాష నిండుగా ఉంది, అచ్చులోంచి ధ్వనిని లాగడం దగ్గర మాత్రమే ముడి పడింది. ఆ ముడి విప్పడం మన చేతిలో పని.

మీవారికి నా తరఫున ఒక మాట చెప్పండి. తెలుగులో అక్షరం పేరే దాని ధ్వని. క అంటే క. ఇంగ్లీషులో "సీ, ఏ, టీ" అని మూడు పేర్లు చెప్పి "క్యాట్" అని పలకాలి. పేర్లలో ఎక్కడా లేని ధ్వని మాటలో వస్తుంది. గుర్తుల్లోంచి ధ్వనులు తీసి, కలిపి, మాట చేసి, ఆ మాట తనకు తెలిసినదేనని గుర్తుపట్టడమే చదవడం. తనకు తెలిసిన భాషలో, నమ్మకంగా ఉండే లిపిలో ఆ కిటుకు ఒకసారి పట్టుబడితే, రెండో లిపిలో ఆ కిటుకును మళ్లీ మొదటి నుంచి కనిపెట్టుకోనక్కర్లేదు. ఇంగ్లీషు స్పెల్లింగుల బాధ ఎలాగూ ఉంటుంది, అది వేరు.

వేగం సంగతి ఎవరైనా ఎత్తుతారేమో, ముందే చెబుతున్నాను. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు రావాలని కేంద్ర ప్రభుత్వం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాల్లో రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు, మూడో తరగతికి కనీసం 60 అని ఉంది. "వెళ్లిపోతున్నాడనుకున్నాను" అన్నది మనకు ఒక మాట, ఇంగ్లీషులో ఐదారు మాటలు. జాతీయ విద్యా పరిశోధన సంస్థ ఎన్.సి.ఇ.ఆర్.టి. 2022లో జరిపిన మూడో తరగతి అధ్యయనంలో ఒక్కో భాషకు ఒక్కో ప్రమాణం పెట్టుకోవడానికి ఇదీ ఒక కారణం. కాబట్టి గడియారం పక్కన పెట్టుకుని కూర్చోబెట్టకండి.

ఎర్రమట్టిదారి | జూలై 10, సాయంత్రం 7.30

నేను అరకు వైపు ఒక ఏకోపాధ్యాయ పాఠశాలలో పనిచేస్తున్నాను. ఐదు తరగతులు ఒకే గదిలో ఉంటాయి. "వినిపిస్తే అర్థమవుతోంది" అన్న వాక్యం చదివి కాస్త అసూయ కలిగింది. మా పిల్లల్లో చాలామంది ఇంట్లో కువి లేదా ఆదివాసీ ఒరియా మాట్లాడతారు. తెలుగు అక్షరాలు కలిపి మాట పలికినా, ఆ మాట వాళ్లకు తెలిసినది కాదు. "అరటి" అని సరిగ్గా చదివి నా ముఖం వైపు చూస్తారు. పెరట్లోని గెల చూపించి దాని పేరు వాళ్ల భాషలో అడిగి, పలక మీద తెలుగు లిపిలో ఆ పేరే రాస్తే నవ్వుతూ చదువుతారు. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో గోండి, కోయ, కొలామి, కొండ, కువి, సవర, ఆదివాసీ ఒరియా, బంజారా భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టింది ఈ ఆలోచనతోనే. అంతకు వందేళ్ల ముందే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు సవర పిల్లలకు సవరలోనే వాచకాలు తయారుచేశారు.

తెలుగు ఇళ్ల పిల్లలకూ ఇది కొంత వర్తిస్తుంది. పుస్తకంలో "పోతున్నాడు" అని ఉంటే తెలంగాణ పిల్లవాడు "పోతుండు" అని చదివాడనుకోండి, దాన్ని తప్పుగా లెక్కపెట్టకూడదు. అర్థం తెలియకుండా ఆ మార్పు చేయలేడు. "పోతున్నాడు"ను "పోతునానడు" అన్నవాడి దగ్గర ఆగాలి. మొదటివాడు అర్థాన్ని చదివాడు, రెండోవాడు ఆకారాలను చదివాడు.

డాలస్‌నాన్న | జూలై 11, ఉదయం 8.00

మా అమ్మాయి కథ దీనికి తలకిందులు. ఇక్కడ వారాంతాల్లో సిలికానాంధ్ర మనబడికి వెళుతుంది. ఆ సంస్థ 2007లో కాలిఫోర్నియాలో మొదలైంది, ఇప్పుడు చాలా నగరాల్లో తరగతులున్నాయి. ఒత్తులతో సహా తప్పు లేకుండా చదువుతుంది కానీ, "కావిడి" అంటే ఏమిటని, "పెరడు" అంటే ఏమిటని ప్రతి వాక్యానికీ ఆగుతుంది. మీ బాబు దగ్గర భాష ఉంది, అక్షరం లేదు. మా పిల్ల దగ్గర అక్షరం ఉంది, భాష లేదు. నన్నడిగితే మీ కష్టమే తేలిక, అక్షరాలను ఆరునెలల్లో నేర్పవచ్చు. అమ్మమ్మతో ఫోనులో రోజూ మాట్లాడిస్తున్నాం, అంతకన్న మాకు మరో దారి కనిపించలేదు.

ఊరిఅరుగు | జూలై 12, రాత్రి 8.45

మా ఊళ్లో అరుగు మీద పిల్లల కోసం చిన్న గ్రంథాలయం నడుపుతున్నాను. పుస్తకాల సంఖ్య మూడు వందలకు కాస్త అటూఇటూగా ఉంటుంది. ఈ చర్చలో ఇప్పటిదాకా అక్షరాల సంగతే ఎక్కువగా సాగింది కాబట్టి పుస్తకాల గురించి చెబుతాను. మూడో తరగతి పిల్లవాడికి మూడో తరగతి పుస్తకమే ఇవ్వాలన్న పట్టుదల వదిలిపెట్టండి. పేజీకి ఒక వాక్యం, నిండుగా బొమ్మ ఉన్న పుస్తకాలు ఇస్తే "ఇది చిన్నపిల్లలది" అని మొదట మొహం తిప్పుకుంటారు. "మీ చెల్లెలికి చదివిపెట్టు, దానికి రాదు కదా" అంటే ఆ పౌరుషం తీరిపోతుంది. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు కథలు నాలుగు స్థాయులుగా ఉచితంగా దొరుకుతాయి, అచ్చు తీసుకోవచ్చు. సికింద్రాబాదులోని మంచి పుస్తకం వారి ప్రచురణలు తక్కువ ధరకు వస్తాయి.

మా అరుగు మీదికి వచ్చే తల్లుల్లో సగంమందికి చదువు రాదు. "మాకే రాదు, పిల్లలకేం చెబుతామయ్యా" అంటారు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే: పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని "ఇందులో ఏముందో నాకు చెప్పు" అని అడగండి. చదవడం వచ్చిన తల్లి తప్పు దిద్దాలని మధ్యలో దూరుతుంది, చదువు రాని తల్లి కథ కోసం వింటుంది. ఒక తల్లి బీడీలు చుడుతూ రోజూ కూతురి చేత చదివించుకునేది. కథ ఎక్కడైనా అతకకపోతే "అదేంటే, ఇందాక చచ్చిపోయిందన్నావు కదా" అని నిలదీసేది. ఆ పిల్ల వెనక్కి వెళ్లి మళ్లీ చదివేది. అంతకు మించిన పరీక్ష ఎవరు పెడతారు?

వినికిడి | జూలై 13, ఉదయం 10.20

నేను ప్రత్యేక అవసరాలున్న పిల్లల ఉపాధ్యాయురాలిని. రెండు ముక్కలు మాత్రమే చెబుతాను. ఏ సాధన మొదలుపెట్టే ముందైనా కంటి చూపు, వినికిడి పరీక్ష చేయించండి. క్రావడి కనిపించకపోవడానికి కళ్లజోడు లేకపోవడమే కారణమైన పిల్లలను నేను చూశాను. రెండోది, క్రమం తప్పకుండా మూడు నాలుగు నెలలు నేర్పిన తరవాత కూడా కదలిక లేకపోతే, అప్పుడు నిర్దిష్ట అభ్యసన వైకల్యం (డిస్లెక్సియా వంటిది) ఉందేమో నిపుణుల చేత పరీక్ష చేయించాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో దానికి గుర్తింపు ఉంది. అంతదాకా ఇంట్లో ఎవరూ ఆ పేరు పిల్లవాడికి తగిలించకండి. సరిగా నేర్పకపోవడం వల్ల రానిదీ, నేర్పినా రానిదీ బయటికి ఒకేలా కనిపిస్తాయి.

పాతపలక | జూలై 13, మధ్యాహ్నం 3.00

అందరి మాటలూ చదివాను. లిపిరేఖ గారు చెప్పిన గుడిదీర్ఘం సంగతి ముప్పై నాలుగేళ్లలో నేను ఏనాడూ ఆ కోణంలో ఆలోచించలేదు, పిల్లలను మాత్రం కోప్పడ్డాను. గుణింతం వల్లె వేయించడం మీద నా అభిప్రాయం మారలేదు. చూచిరాత గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి అది చెబుతాను. చూసి రాయడం వల్ల దస్తూరి వస్తుంది, చదువు రాదు. విని రాయడం వల్ల రెండూ వస్తాయి. రోజుకు ఐదు మాటలు ఉక్తలేఖనం చెప్పండి. "బస్తీ" అని మీరు పలికితే వాడు స్, త్, ఈ అని తనలో తాను విడగొట్టుకుని, ఏది పైన, ఏది కింద అని తేల్చుకుని రాయవలసి వస్తుంది. చదవడంలో పడిన చిక్కు రాయడంలో విడిపోతుంది. పలక మీద రాయించండి. తప్పు పోతే చెరిపేసుకోవచ్చు, నోటుపుస్తకంలో ఎర్ర సిరా గీత మాత్రం అలాగే ఉండిపోతుంది.

గోదారిగట్టు | సెప్టెంబరు 7, రాత్రి 9.15

ఎనిమిది వారాల తరవాత రాస్తున్నాను. కంటి పరీక్షలో ఏ లోపమూ లేదని తేలింది. ట్యూషన్ మానిపించాం. మేము పెట్టుకున్న క్రమం ఇది: గుణింతాల పట్టిక నిలువుగా ఐదు నిమిషాలు, పలక మీద ఐదు మాటల ఉక్తలేఖనం, ఆ తరవాత పేజీకి ఒకటి రెండు వాక్యాలున్న పుస్తకం ఒకటి వాడు మా అత్తగారికి చదివి వినిపించాలి. అత్తగారికి చత్వారం వచ్చి అక్షరాలు ఆనవు కాబట్టి ఆవిడ నిజంగానే వాడి మీద ఆధారపడి వింటున్నారు. ఊరిఅరుగు గారు రాసిన తల్లిలాగే మధ్యమధ్య నిలదీస్తున్నారు కూడా. ఒత్తులను ఒకేసారి కాకుండా వారానికి రెండు చొప్పున, ముందు జంట అక్షరాలు, తరవాత వేరువేరు హల్లులు కలిసినవి ఇచ్చాను. మూడో వారంలో ఏమీ కదల్లేదు, నాలుగు రోజులు పూర్తిగా మానేశాం, ఇద్దరం ఒకరి మీద ఒకరం విసుక్కున్నాం. అది కూడా రాయడం న్యాయమని రాస్తున్నాను.

మార్పు ఇంట్లో కాక బస్టాండులో కనిపించింది. శనివారం సామర్లకోట వెళ్లడానికి కాంప్లెక్సులో నిలబడి ఉంటే, వచ్చే ప్రతి పల్లెవెలుగు బస్సు బోర్డూ తనంతట తానే చదవడం మొదలుపెట్టాడు: గోకవరం, జగ్గంపేట, ద్వారపూడి, పెద్దాపురం. "ద్వారపూడి" దగ్గర ఒక్క క్షణం ఆగాడు గానీ "దావరపూడి" అనలేదు. నిన్న మళ్లీ చీటీల పరీక్ష పెడితే ఒత్తుల మాటలు పదింటికి ఏడు వచ్చాయి.

రెండు సందేహాలున్నాయి. "ప్రత్తిపాడు"ను ఇంకా "పరత్తిపాడు" అనే అంటున్నాడు. రెండోది, రాత్రి నేను కథ చదవబోతే "నేనే చదువుకుంటా, నువ్వు వద్దు" అంటున్నాడు. మానేయమంటారా?

నల్లబల్ల | సెప్టెంబరు 7, రాత్రి 10.40

"పరత్తిపాడు" అన్నాడంటే రెండు హల్లులనూ పట్టుకున్నాడు, వరస కూడా సరిగ్గానే ఉంది, మధ్యలో ఒక అచ్చు మిగిలిపోయింది. ఆ మాటను నాలుగైదు సార్లు వేగంగా పలికించండి, ఆ అచ్చు దానంతట అదే రాలిపోతుంది. "స్త్రీ", "శాస్త్రం" వంటి మూడు హల్లుల మాటలు దసరా సెలవులు అయ్యేదాకా ఇవ్వకండి. క్రావడికీ వట్రుసుడికీ తేడా కూడా అప్పుడే చూసుకోవచ్చు.

రాత్రి కథ మానవద్దు. వాడు చెవితో అందుకోగల కథ ఇప్పుడు కంటితో చదవగల కథకన్న కనీసం రెండు తరగతులు ముందుంటుంది. కొత్త మాటలు వాడికి అక్కడి నుంచే రావాలి. వాడి పుస్తకం వాణ్ణి చదువుకోనివ్వండి. మీరు మాత్రం వాడు ఇంకా చదవలేని పెద్ద కథ ఒకటి ఎంచుకుని, రోజుకు నాలుగు పేజీలు చదివి, మంచి పట్టు మీద ఆపేయండి.

గోదారిగట్టు | సెప్టెంబరు 8, ఉదయం 6.30

అలాగే చేస్తానండీ. మాస్టారికి ఒక మాట: పలక కొనడానికి నాలుగు దుకాణాలు తిరగవలసి వచ్చింది, చివరికి గోదావరి గట్టు మీద పూజా సామగ్రి అమ్మే కొట్టులో, అక్షరాభ్యాసం సామాన్ల మధ్య దొరికింది.